మట్టిని చదవడం నేర్పే బడి

ద్వారక, న్యూఢిల్లీ: కాలేజీ ల్యాబులో లోలకం లెక్క తప్పితే విద్యార్థి దాన్ని మళ్లీ ఊపుతాడు. ద్రావణం పాడైతే పారబోసి ఇంకోటి కలుపుకుంటాడు. పురావస్తు తవ్వకంలో ఆ వెసులుబాటు లేదు. రెండు వేల ఏళ్లుగా కదలకుండా ఉన్న మట్టిపొరను ఒకసారి తీసేశాక మళ్లీ ఉన్నచోట ఉన్నట్లు పెట్టడం ఎవరి వల్లా కాదు. నిజానికి తవ్వడమంటే ఆధారాన్ని మన చేత్తో మనమే చెరిపేయడం. చివరికి మిగిలేవి నోటుపుస్తకాలు, గీసిన పటాలు, ఫొటోలు, సంచుల్లో కట్టిన కుండపెంకులు. కొత్తగా వచ్చిన విద్యార్థి తాపీ పట్టుకుని ఓ అరగంట తొందరపడితే, ఆ అరగంటలో పోయింది ఎప్పటికీ పోయినట్లే.

మరి ఇలాంటి పని కొత్తవాళ్లకు నేర్పేదెలా? తరగతి గదిలో కుదరదు. అసలైన తవ్వకంలోనే, అనుభవజ్ఞుల కళ్లెదుట, కొద్దికొద్దిగా చేయిస్తూ నేర్పాలి. దానికోసం ఏర్పడిందే ఫీల్డ్ స్కూలు. ఐరోపా, అమెరికా విశ్వవిద్యాలయాలు వేసవి రాగానే విద్యార్థులను గ్రీసు, ఇటలీ, ఇజ్రాయెల్, పెరూ లాంటి దేశాలకు పంపుతాయి. మధ్యధరా ప్రాంతంలో ఎండకు జడిసి తెల్లవారుజామున ఐదింటికే పని మొదలుపెడతారు. మధ్యాహ్నం పెంకులు కడుక్కోవడం, సాయంత్రం ఉపన్యాసం, వారాంతంలో చుట్టుపక్కల శిథిలాలకు బస్సు ప్రయాణం. ఇందుకోసం విద్యార్థులు వేల డాలర్లు ఫీజు కట్టే శిబిరాలూ ఉన్నాయి. ఇదంతా మన పిల్లలకు అందని పరదేశపు ముచ్చటలా కనిపిస్తుంది. కానీ ప్రపంచంలో పేరుమోసిన ఇలాంటి బడుల్లో ఒకటి మన విద్యార్థుల కోసమే నడిచింది. అప్పట్లో అది పరదేశం కాదు, ఇప్పుడు అయింది.

తక్షశిల గుడారాలు

1944లో మోర్టిమర్ వీలర్ భారత పురావస్తు సర్వేక్షణ శాఖకు డైరెక్టర్ జనరల్‌గా వచ్చారు. మిలిటరీ మనిషి, ముక్కుసూటి మనిషి. అప్పటిదాకా ఇక్కడ తవ్వకమంటే కూలీలను వందలకొద్దీ పెట్టి మట్టి ఎత్తిపోయించడం, దొరికిన గోడల వెంట పోవడం, వస్తువు ఎంత లోతులో దొరికిందో అడుగుల్లో రాసుకోవడం. ఇందులో పెద్ద లోపం ఉంది. ప్రాచీన నగరాల్లో నేల చదునుగా ఉండదు. ఒకే కాలపు వీధి ఒకచోట మూడడుగుల లోతులో ఉంటే, పక్కనే దిబ్బ వాలులో ఏడడుగుల లోతులో ఉండొచ్చు. లోతునుబట్టి కాలం నిర్ణయిస్తే లెక్క తప్పుతుంది. చూడాల్సింది లోతు కాదు, పొర.

ఆ సంగతి నేర్పడానికి వీలర్ వచ్చిన ఏడాదే తక్షశిలలో శిక్షణ శిబిరం తెరిచారు. దేశంలోని విశ్వవిద్యాలయాలు, మ్యూజియాల నుంచి అరవై మంది దాకా యువకులు వచ్చి గుడారాల్లో మకాం వేశారు. భీర్ దిబ్బ, సిర్కప్ నగర శిథిలాలే వారి పాఠశాల. స్థలాన్ని చదరాలుగా విడగొట్టడం, చదరానికీ చదరానికీ మధ్య తవ్వకుండా పొలం గట్టులాంటి గోడను వదిలేయడం వీలర్ పద్ధతి. చదరం లోతుకు దిగేకొద్దీ ఆ గట్టు పక్కల మీద పొరలన్నీ చారలు చారలుగా కనిపిస్తాయి. తవ్విన మట్టి పోయినా దాని వరుస క్రమానికి సాక్ష్యంగా ఆ గట్టు నిలబడి ఉంటుంది.

ఆనాటి విద్యార్థుల్లో బి.బి.లాల్, బి.కె.థాపర్ ఉన్నారు. ఇద్దరూ తర్వాత సర్వేక్షణ శాఖకు డైరెక్టర్ జనరల్స్ అయ్యారు. స్వతంత్ర భారతంలో పెద్ద తవ్వకాలు చాలావరకు ఆ గుడారాల్లో చదువుకున్నవారి చేతుల మీదుగానో, వారి శిష్యుల చేతుల మీదుగానో జరిగాయి. తక్షశిల తర్వాత వీలర్ పుదుచ్చేరి దగ్గరి అరికమేడు, హరప్పా చూసుకుని 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరికి వచ్చారు. అక్కడ కింది నుంచి పైకి మూడు సంస్కృతులను గుర్తించి, అన్నింటికంటే పైదానికి ఆయన పెట్టిన పేరు ‘ఆంధ్ర సంస్కృతి’. శాతవాహనుల కాలానిది అది. ఆ ఆగస్టులో సరిహద్దు గీత పడింది. తక్షశిల పాకిస్థాన్‌లోకి పోయింది. లాల్, థాపర్‌ల తర్వాతి తరానికి ఆ బడి చూడాలంటే వీసా కావాల్సి వచ్చింది.

ఢిల్లీలో సర్వేక్షణ శాఖ 1959లో స్కూల్ ఆఫ్ ఆర్కియాలజీ నెలకొల్పింది. 1985లో అది ఇన్‌స్టిట్యూట్ అయింది. చాలాకాలం ఎర్రకోటలో నడిచి, 2019లో గ్రేటర్ నోయిడాలోని కొత్త భవనానికి మారింది. పండిత్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ పురావస్తు సంస్థ అన్నది ఇప్పటి పేరు. ఇక్కడి రెండేళ్ల పీజీ డిప్లొమాలో తరగతి పాఠాలు ఎంత ముఖ్యమో, తవ్వకాల శిబిరంలో గడిపే రోజులూ అంతే ముఖ్యం.

తాపీ, కుంచె, రెండు చీటీలు

శిబిరంలో పని పలుగూ పారలతో మొదలవదు. ముందు స్థలాన్ని కొలవాలి. కదలని బిందువు ఒకటి ఎంచుకుని, ఇకపై ప్రతి ఎత్తూ లోతూ దాని నుంచే లెక్కిస్తారు. ఒకప్పుడు మేకులు, పురికొస, మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండుతో చేసిన పని ఇప్పుడు టోటల్ స్టేషన్ అనే పరికరం చేస్తుంది. అది లేజర్ కిరణాన్ని పంపి, అద్దం మీద పడి తిరిగి వచ్చిన కాంతి నుంచి దూరాన్ని మిల్లీమీటర్లలో చెబుతుంది. అయినా గురువులు పురికొస, టేపులతో కొలవడం కూడా నేర్పుతారు. మారుమూల దిబ్బ మీద బ్యాటరీ అయిపోతే పని ఆగకూడదు కదా.

తర్వాత తాపీ. ఇల్లు కట్టే మేస్త్రీ తాపీకి ఇది చెల్లెలు. మట్టిని పొడవకూడదు, గీకాలి. తాపీ అంచు నేల మీద పడుకున్నట్లు ఉండాలి. మట్టి పొర మారిందన్న సంగతి కంటికంటే ముందు తరచుగా చేతికే తెలుస్తుంది. బంకమన్ను మీద తాపీ జారుతుంది, బూడిద మీద మెత్తగా దిగుతుంది, సున్నపు నేల తగిలితే చప్పుడే మారుతుంది. రంగు మారిందా అని సందేహం వస్తే నీళ్లు చిలకరించి చూస్తారు. తడి మట్టిలో తేడాలు బాగా తేలుతాయి. ‘ముదురు గోధుమ రంగు’ అని రాస్తే కుదరదు, ఒకరి గోధుమ ఇంకొకరికి బూడిద. అందుకే రంగుల బిళ్లలున్న మన్సెల్ పుస్తకం పక్కన పెట్టుకుని నంబరు వేస్తారు.

తీసిన మట్టి తట్టల్లో జల్లెడ దగ్గరికి వెళుతుంది. పూసలు, నాణేలు, చేప ముళ్లు అక్కడే బయటపడతాయి. పొయ్యి దగ్గరి బూడిద మట్టినైతే నీళ్ల తొట్టిలో కలుపుతారు. మాడిపోయిన వడ్లు, గోధుమలు, పప్పుగింజలు బొగ్గులా తేలికై పైకి తేలతాయి. వాటిని సన్నటి గుడ్డతో వడకట్టి నీడలో ఆరబెడతారు. రెండు వేల ఏళ్ల కిందటి వంటింటి సంగతి ఏ శాసనమూ ఇంత సూటిగా చెప్పదు.

మధ్యాహ్నం పెంకుల పని. కడగడం, ఆరబెట్టడం, ఒక్కో పెంకు మీద సన్నటి అక్షరాలతో స్థలం పేరు, చదరం, పొర నంబరు రాయడం. కొత్తవారికి విసుగు పుట్టించే పని ఇదే. నాణెం దొరికిన రోజు ఫొటోలు దిగడానికి అందరూ వస్తారు, పెంకుల తొట్టి దగ్గరికి ఎవరూ రారు. సంచిలో ఒక చీటీ, సంచి బయట ఒక చీటీ ఉండాలి. వానకు తడిసి ఒకటి పోయినా రెండోది మిగలాలని. చీటీ పోయిన పెంకు ఎంత అందంగా ఉన్నా, చరిత్ర లెక్కలో దాని విలువ దాదాపు సున్నా.

ఈ మాట అతిశయోక్తి అనిపిస్తే పురానా ఖిలా కథ వినాలి. ఢిల్లీ నడిబొడ్డున ఉన్న ఈ కోటలో 1954-55లో లాల్ తవ్వకం జరిపారు. 1969 నుంచి 1973 దాకా మరోసారి పెద్దగా తవ్వారు. 2013-14లో, 2017-18లో, మళ్లీ 2023లో సర్వేక్షణ శాఖ అక్కడికి వెళ్లింది. ఇది మహాభారతంలోని ఇంద్రప్రస్థమని జనం నమ్మకం. క్రీస్తుపూర్వం 1200 నుంచి 600 మధ్య ఉత్తర భారతంలో వాడిన ‘చిత్రిత బూడిదరంగు పాత్రల’ ముక్కలు ఇక్కడ కొన్ని దొరికాయి. కానీ అవి తమ సొంత పొరలో లేవు, తర్వాతి కాలపు పొరల్లో చెదిరి కనిపించాయి. ఎవరో గొయ్యి తవ్వినప్పుడో, పునాది తీసినప్పుడో కింది నుంచి పైకి వచ్చి ఉంటాయి. అంటే ఆ కాలంలో మనుషులు ఆ చుట్టుపక్కల ఉన్నారని చెప్పగలం, వారి ఊరు ఇదిగో అని చూపించలేం. 2023 తవ్వకం ముఖ్య ఉద్దేశాల్లో ఒకటి ఆ పొరను నేరుగా పట్టుకోవడమే. ఆ ఏడాది ఐదున్నర మీటర్ల లోతుకు చేరేసరికి కుషాణుల తొలినాళ్ల కట్టడాలు బయటపడ్డాయి. మౌర్యుల నుంచి మొఘలుల దాకా కాలాల ఆనవాళ్లు, రాజపుత్రుల కాలపు వైకుంఠ విష్ణు శిల్పం, గుప్తుల కాలపు గజలక్ష్మి మట్టి ఫలకం లభించాయి. పత్రికలు విగ్రహాల గురించి రాశాయి. తవ్వేవారి చూపు మాత్రం కింది మట్టి మీదే ఉంది.

అందుకే శిబిరంలో విద్యార్థికి గొయ్యి అంటే భయం నేర్పుతారు. పాత పొరలను కోసుకుంటూ దిగిన మూడు వందల ఏళ్ల నాటి చెత్తగొయ్యిని గుర్తించకుండా తవ్వేస్తే, మొఘల్ కాలపు పెంకు మౌర్యుల పొర సంచిలో పడుతుంది. ఎలుక బొరియ కూడా ఇంత పనీ చేయగలదు.

లేని కొయ్యను చూడటం

ఈ శిక్షణ ఎందుకు పనికొస్తుందో సినౌలీ చూపించింది. ఉత్తరప్రదేశ్ బాగ్‌పత్ జిల్లాలోని ఈ ఊరు జాతీయ రాజధాని ప్రాంతంలోనే ఉంది. రైతులు పొలం చదును చేస్తుంటే ఎముకలు, కుండలు బయటపడ్డాయి. 2005-06లో జరిగిన తవ్వకంలో వందకు పైగా సమాధులు కనిపించాయి. 2018లో పురావస్తు సంస్థ బృందం కొద్ది దూరంలో మళ్లీ తవ్వింది. రాగి అలంకరణలున్న శవపేటికలు, రాగి కత్తులు, వాటితోపాటు చక్రాలున్న మూడు బండ్లు దొరికాయి. క్రీస్తుపూర్వం 2000 నుంచి 1800 మధ్యకాలానివని అంచనా.

ఇక్కడ చిత్రమేమిటంటే, బండి కొయ్య ఎప్పుడో కుళ్లి మట్టయిపోయింది. మిగిలింది రాగి రేకులు, చక్రం మీద త్రికోణాకారంలో పొదిగిన రాగి ముక్కలు, కొయ్య ఉన్నచోట కాస్త వేరే రంగులో ఉన్న మట్టి. పారతో ఒక్క దెబ్బ వేసి ఉంటే ఆ రాగి ముక్కలు ఒక కుప్పగా మ్యూజియానికి చేరేవి. అవి చక్రమని ఎవరికీ తెలిసేది కాదు. ఏ ముక్క ఎక్కడుందో అక్కడే వదిలి చుట్టూ మట్టి గీకినందువల్లే చక్రం ఆకారం నిలిచింది. అవి రథాలా, ఎడ్లు లాగిన బండ్లా అన్న వాదన ఇంకా సాగుతోంది. చక్రాలకు ఆకులు లేవు, గట్టి చెక్క చక్రాలు. గుర్రం ఎముకలూ దొరకలేదు. వాదించుకోవడానికి ఆధారమంటూ మిగలడమే తాపీ పట్టినవారి గొప్ప.

తెలుగునేల మీద ఇలాంటి కథ అరవై ఏళ్లకు ముందే ఉంది. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు) ఒక బూడిద దిబ్బను 1957లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఎఫ్.ఆర్.ఆల్చిన్ తవ్వారు. ఆ దిబ్బలు ఏమిటన్నది అప్పటికే పాత చిక్కుముడి. ఆల్చిన్ తవ్వకంలో గుంజలు పాతిన గుంతల జాడలు వరుసగా కనిపించాయి. బూడిదలో పశువుల గిట్టల గుర్తులూ బయటపడ్డాయి. అది నవీన శిలాయుగపు పశువుల దొడ్డి, పేడ పేరుకుని కాలగా ఏర్పడిన దిబ్బ అని తేలింది. రేడియోకార్బన్ పరీక్ష దాన్ని క్రీస్తుపూర్వం మూడో సహస్రాబ్దికి తీసుకెళ్లింది. బ్రహ్మగిరిలో రాతి గొడ్డళ్ల వారికి వీలర్ ఇచ్చిన కాలం కంటే ఇది వెయ్యేళ్లకు పైగా వెనక్కి. పొరల వరుస సరిగ్గా చదివిన వీలర్, ఏళ్ల లెక్కలో మాత్రం దెబ్బతిన్నారు. ఏది ముందు ఏది వెనక అన్నది తాపీ చెబుతుంది. ఎన్నేళ్ల కిందట అన్నది చెప్పడానికి భౌతికశాస్త్రం కావాలి.

ఆ భౌతికశాస్త్రం తవ్వకాల గుంతలోకి ఎలా దిగుతుందో చూడాలంటే నంద్యాల జిల్లా జ్వాలాపురం మంచి ఉదాహరణ. బనగానపల్లె దగ్గర జుర్రేరు లోయలో తెల్లటి బూడిద పొర ఉంది. స్థానికులు దాన్ని తవ్వి గిన్నెలు తోమే పొడికి అమ్ముకునేవారు. అది రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా దూరంలోని సుమత్రా దీవిలో సుమారు 74 వేల ఏళ్ల కిందట పేలిన తోబా అగ్నిపర్వతం బూడిద. గాలిలో వచ్చి పడింది కొన్ని సెంటీమీటర్లే. చుట్టుపక్కల నుంచి వాన కడిగి లోయలోకి చేర్చగా కొన్నిచోట్ల రెండు మీటర్లు దాటింది. కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కొరిసెట్టర్, అప్పట్లో కేంబ్రిడ్జ్‌లో ఉన్న మైకేల్ పెట్రాగ్లియా నాయకత్వంలో దేశవిదేశాల పరిశోధకులు ఇక్కడ పనిచేశారు. బూడిద కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి. రెంటి మధ్యా పెద్ద తేడా లేదని 2007లో ‘సైన్స్’ పత్రికలో రాశారు.

రేడియోకార్బన్ ఇక్కడ పనికిరాదు. దాని అర్ధాయువు 5,730 ఏళ్లే కాబట్టి 50 వేల ఏళ్లు దాటితే కొలవడానికి ఏమీ మిగలదు. అందుకే ఇసుకరేణువులను అడిగారు. నేలలోని యురేనియం, థోరియం, పొటాషియం నిరంతరం రేడియేషన్ వెదజల్లుతుంటాయి. దాని తాకిడికి క్వార్ట్‌జ్ రేణువులోని కొన్ని ఎలక్ట్రాన్లు స్ఫటికంలోని లోపాల్లో చిక్కుకుపోతాయి. ఎండ తగిలితే అవి బయటపడి లెక్క సున్నాకు వస్తుంది. రేణువు మట్టిలో పూడుకుపోయిన రోజు నుంచి మళ్లీ పోగవడం మొదలు. ల్యాబులో ఆ రేణువు మీద కాంతి వేస్తే చిక్కుకున్న ఎలక్ట్రాన్లు విడుదలై మిణుకుమంటుంది. ఆ వెలుగునుబట్టి మొత్తం ఎంత రేడియేషన్ మోతాదు పడిందో తెలుస్తుంది. దాన్ని ఏడాదికి పడే మోతాదుతో భాగిస్తే వయసు వస్తుంది. ఉదాహరణకు వెయ్యేళ్లకు 2 గ్రేల చొప్పున పడే చోట మొత్తం 150 గ్రేలు ఉంటే, ఆ రేణువు ఎండ చూసి 75 వేల ఏళ్లయినట్లు.

ఇందులో విద్యార్థి పని చాలా మామూలుగా కనిపిస్తుంది. వెలుతురు చొరబడని లోహపు గొట్టాన్ని గోడలోకి సుత్తితో దిగ్గొట్టి, రెండు చివరలూ మూసి, నల్ల కవరులో చుట్టి, చీటీ రాయాలి. మూత సరిగా పడక కాసేపు ఎండ తగిలిందా, వేల ఏళ్ల గడియారం నిమిషాల్లో సున్నాకు పడిపోతుంది. జ్వాలాపురంలో బూడిద కింది మట్టికి వచ్చిన వయసు 77 వేల ఏళ్లు, అటూ ఇటూ 6 వేలు. ఆ పనిముట్లు చేసింది ఆధునిక మానవులేనా అన్నది మాత్రం తేలలేదు. మనిషి ఎముక ఒక్కటీ దొరకలేదు మరి. 2013లో పాల్ మెల్లర్స్ బృందం ఆధునిక మానవులు తోబా తర్వాతే ఇక్కడికి వచ్చారని వాదించింది. 2020లో మధ్యప్రదేశ్‌లోని ధాబా తవ్వకం, 80 వేల ఏళ్ల కిందటి నుంచి పనిముట్ల తయారీ తెగకుండా సాగిందని చూపి, మొదటి వాదానికి మళ్లీ బలమిచ్చింది. ఇలాంటి వాదనలు తేలేదాకా గోడ మిగిలి ఉండాలి. అందుకే ఏ మంచి తవ్వకంలోనైనా స్థలంలో కొంత భాగాన్ని ముట్టుకోకుండా వదిలేస్తారు, రేపటి పరికరాల కోసం.

ఏడో రోజు

సెలవు రోజున శిబిరం నిద్రపోదు. బట్టలు ఉతుక్కోవడం, ఇంటికి ఫోన్లు అయ్యాక ఊరు చూడ్డానికి బయల్దేరతారు. ఆరు రోజులు తాపీతో గీకిన కళ్లకు తాజ్‌మహల్ పునాది రాయి కూడా వేరుగా కనిపిస్తుంది. జ్వాలాపురం చుట్టుపక్కలైతే యాగంటి ఉంది, 3,229 మీటర్ల పొడవు దాకా కొలిచిన బెలుం గుహలున్నాయి. రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో తవ్వించిన బిల్లసుర్గం గుహలూ దూరం కాదు.

ఢిల్లీలో శిక్షణ పొందేవారికి చూడ్డానికి కొదవేముంది? కుతుబ్ దగ్గరి ఇనుప స్తంభం సుమారు ఏడు మీటర్ల ఎత్తు, ఆరు టన్నుల పైన బరువు, గుప్తుల కాలం నాటిది. తుప్పు పట్టకపోవడానికి మంత్రమేమీ లేదు. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువగా ఉండటంవల్ల పైన సన్నటి రక్షణ పొర ఏర్పడిందని ఐఐటీ కాన్పూర్ శాస్త్రవేత్త ఆర్.బాలసుబ్రమణ్యం వివరించారు. ఫిరోజ్ షా కోట్లాలో అశోకుడి స్తంభం ఉంది. దాన్ని 14వ శతాబ్దంలో హర్యానాలోని తోప్రా నుంచి తెప్పించారు. ఆ స్తంభం మీది బ్రాహ్మీ అక్షరాలు 1837లో జేమ్స్ ప్రిన్సెప్ లిపి గుట్టు విప్పడానికి ఉపయోగపడ్డాయి. మన తెలుగు అక్షరాల పుట్టుక కూడా ఆ బ్రాహ్మీలోనే. విద్యార్థికి ఇక్కడ ఇంకో పాఠమూ ఉంది. వస్తువు దొరికిన చోటే అది పుట్టిన చోటు కానక్కర్లేదు. తోప్రా సంగతి చరిత్రకారులు రాసిపెట్టారు కాబట్టి సరిపోయింది.

ద్వారకకు మాత్రం ఇలా చూడ్డానికి వచ్చేవారు తక్కువ. మెట్రో, మాల్స్, అపార్ట్‌మెంట్ సొసైటీల ఉపనగరం ఇది. ఒకప్పుడు దీని పేరు పప్పన్‌కలాన్ ప్రాజెక్టు. అంతకుముందు ఇవన్నీ పల్లెలు, పొలాలు. సెక్టార్ 12లో భవనాల మధ్య లోహర్‌హెడీ బావోలి ఉంది. 16వ శతాబ్దం ఆరంభంలో, లోడీల కాలంలో ఇక్కడున్న లోహర్‌హెడీ గ్రామానికి నీళ్లిచ్చిన దిగుడుబావి ఇది. ఊరు పోయింది, బావి మిగిలింది. ముళ్లపొదల్లో మరుగునపడి ఉంటే శుభ్రం చేసి బాగుచేశారు. మెట్లు ఎందుకంత లోతుకు దిగుతాయో చూస్తే ఆనాటి భూగర్భజలం ఏ కాలంలో ఎక్కడిదాకా దిగేదో ఊహించవచ్చు. వానాకాలంలో పై మెట్టు మీద నుంచే కుండ ముంచుకునేవారు, వేసవిలో మెట్టు మెట్టూ దిగి వెళ్లేవారు.

రాతి కట్టడం కాబట్టి బావి దక్కింది. దాని చుట్టూ ఉన్న మట్టి గోడలు, పొయ్యిలు, చెత్తగోతులు అలా కంటికి కనిపించేవి కావు. పునాదులు తీసిన జేసీబీ ఏ పొర దగ్గరా ఆగి చూడలేదు, చీటీ రాయలేదు. రాజధాని ప్రాంతంలో ఇలాంటి దిబ్బలు ఇంకా ఉన్నాయి. సినౌలీలోలాగా పొలం దున్నుతున్న రైతే మొదట చూస్తాడు. అతను కబురు చేసిన రోజున గుంతలోకి దిగడానికి తాపీ పట్టడం వచ్చినవారు ఎంతమంది సిద్ధంగా ఉంటారన్నది గ్రేటర్ నోయిడా తరగతి గదుల నుంచి, ఈ శీతాకాలపు శిబిరాల నుంచి తేలాలి.